వలలో పడ్డ వలస పిట్టని ప్రాణంతో బయటికి తీయడం ఎలా?

ఇటు మా ఇచ్ఛాపురం చెరువులు, సోంపేట బీల (చిత్తడి నేల), అటు గంజాం జిల్లాలో తంపర సరస్సు, ఇంకా పైకెళ్తే చిలికా, ఈ బెల్టు మొత్తం దసరా దాటాక పిట్టలతో నిండిపోతుంది, వాటి వెనకాలే వలలూ వస్తాయి. పిట్టల్ని కాపాడాలని ప్రతి ఊళ్ళో కుర్రోళ్ళకి ఉంది, అది మంచి విషయమే, కానీ వల కనపడగానే వాళ్ళు చేసే పని చూస్తే గుండె తరుక్కుపోతుంది. ఒకడు లాగుతాడు, ఒకడు వీడియో తీస్తాడు, ఇంకొకడు బాటిల్ మూత తీసి ముక్కులో నీళ్ళు పోస్తాడు, పిట్ట చేతిలోనే చచ్చిపోతుంది, అప్పుడు అందరూ కలిసి వేటగాణ్ణి తిడతారు. మనం వెళ్ళేసరికి అది బతికే ఉంది, చంపింది మనం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

సామాన్లు

పెద్దగా ఏం అక్కర్లేదు. మొన మొద్దుగా ఉన్న చిన్న కత్తెర, తలకి కట్టుకునే టార్చి, ఉతికిన పాత దిండు గలీబులు నాలుగైదు, పక్కలకి చిల్లులు పెట్టిన అట్టపెట్టె, రబ్బరు గ్లౌజులు, మాస్కు, మామూలు కళ్ళద్దాలు, ఛార్జింగ్ నిండా ఉన్న ఫోను. బ్లేడు, చాకు తేవద్దు. వల దగ్గరికి ఇద్దరే వెళ్ళాలి, మూడో మనిషి ఉంటే గట్టు మీద ఉండి ఫోన్లు చూసుకోవాలి, అంతకంటే ఎక్కువ మంది వద్దే వద్దు.

వల ఎక్కడుంటుంది

బాతులు రాత్రిపూట వరిమళ్ళలో మేసి తెల్లారేలోపు నీళ్ళకి తిరిగొస్తాయి, కాబట్టి వల ఎప్పుడూ పొలానికీ చెరువుకీ మధ్య దారిలో ఉంటుంది. రెండు వెదురు గెడలు, మధ్యలో కంటికి ఆనని సన్నటి నైలాను. అమావాస్య దగ్గర్లో ఎక్కువ కడతారు, ఎందుకంటే వెన్నెలుంటే పిట్టకి వల కనిపిస్తుంది. నాలుగున్నర నుంచి ఆరు లోపు తిరగాలి, ఎండెక్కాక వెళ్తే గెడలు కూడా మిగలవు. పొడుగుకాళ్ళ ఉల్లంకి పిట్టల కోసం గట్టు మీద పెట్టే ఉచ్చులు వేరు, అవి నేలకి ఆనుకుని మట్టి రంగులో ఉంటాయి, చిన్న చిన్న పుల్లలు వరసగా గుచ్చి కనపడితే అక్కడే ఆగండి. చీకట్లో ఎక్కడో ఒకే పిట్ట కూత ఆగకుండా వస్తుంటే అది స్పీకరు, పక్కనే వల ఉన్నట్టే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చాలా ఊళ్ళలో ర్యాలీ తీస్తారు, ఫ్లెక్సీ కడతారు, స్కూలు పిల్లల చేత నినాదాలు ఇప్పిస్తారు. దానివల్ల ఒక్క వల కూడా తగ్గడం నేను చూడలేదు. తెల్లారుజామున గట్టు మీద మనిషి తిరుగుతున్నాడని తెలిస్తే మాత్రం తగ్గుతాయి. అంతకంటే మంచి పద్ధతి, ఒకప్పుడు వల కట్టిన మనిషినే తోడు తీసుకెళ్ళడం, వల ఏ గండి దగ్గర కడతారో అతనికి తెలిసినంత ఎవరికీ తెలీదు. చిలికా ఒడ్డున మంగళజోడి ఉంది కదా, ఖుర్దా జిల్లాలో, ఒకప్పుడు పిట్టల వేటకి పేరుపడ్డ ఊరు. 2000లో అక్కడ శ్రీ శ్రీ మహావీర్ పక్షి సురక్షా సమితి పెట్టుకుని వేటాడిన వాళ్ళే కాపలాకి దిగారు, ఇప్పుడు వాళ్ళే పడవల్లో టూరిస్టులకి పిట్టల్ని చూపించి బతుకుతున్నారు. కాబట్టి మీ ఊళ్ళో పాత వేటగాడు ఎవరైనా ఉంటే తిట్టడం మానేసి, అన్నా ఒకసారి రా అని పిలవండి.

ముట్టుకునే ముందు

గెడలు, వల, పిట్ట, చుట్టుపక్కల గుర్తు పట్టే చెట్టో మోటారు షెడ్డో వచ్చేలా ఫోటోలు తీయండి, లొకేషన్ సేవ్ చేయండి. ఫారెస్ట్ రేంజి ఆఫీసుకి ఫోన్ చేయండి, ఆ నంబరు సీజన్ మొదలవకముందే ఫోన్లో ఉండాలి, దొరక్కపోతే 112. మాకు సరిహద్దు బాధ ఒకటుంది, బాహుదా నది పక్కన నిలబడితే ఏ గట్టు ఒడిశాదో ఏది ఆంధ్రాదో కొత్తవాళ్ళకి తెలీదు, ఫోన్ ఎత్తినవాళ్ళు అది మా ఏరియా కాదనేసి పెట్టేస్తారు. గెడ ఏ ఊరి పొలంలో పాతారో ఆ ఊరి పేరు, జిల్లా పేరు ముందే చెప్పండి, అయినా అనుమానం ఉంటే రెండు వైపులా చెప్పేయండి. కట్టినవాడు అక్కడే ఉంటే దగ్గరికి వెళ్ళొద్దు, కలబడొద్దు, బండి నంబరు కనపడితే రాసుకుని వెనక్కి వచ్చేయండి. ఫోటోలు ఫారెస్ట్ వాళ్ళకి పంపాలి గానీ వాట్సాప్ గ్రూపుల్లో లొకేషన్‌తో పెట్టొద్దు, రేపు ఆ చెరువుకి ఎవరు వస్తారో మీకు తెలీదు.

వాళ్ళు కాసేపట్లో వస్తామంటే పిట్టని ముట్టుకోవద్దు, దూరంగా కూర్చోండి. ఆలస్యం అవుతుంది, పిట్ట తలకిందులుగా వేలాడుతోంది, నీళ్ళలో మునుగుతోంది అంటే మాత్రం ఆ మాట ఫోన్లోనే చెప్పి, వాళ్ళు సరే అన్నాకే కింద రాసినట్టు చేయండి.

అసలు పని, పిట్టని విడిపించడం

ముందు వల కదలకుండా రెండో మనిషి పిట్ట బరువుని గలీబు గుడ్డతో కింద నుంచి ఆపాలి. బరువు వల మీద ఉన్నంతసేపూ ప్రతి దారమూ బిగుసుకుంటూనే ఉంటుంది, అందుకే ఇది మొదటి పని. తర్వాత టార్చి కింద నుంచి వేసి పిట్ట వలలోకి ఏ వైపు నుంచి దూరిందో చూడండి, కళ్ళలోకి కొట్టొద్దు. ఏ వైపు నుంచి వచ్చిందో ఆ వైపు నుంచే తీయాలి. నూటికి తొంభై మంది ఇక్కడే పాడుచేస్తారు, తమకి అందే వైపు నిలబడి లాగుతారు, ముడి ఇంకా బిగుస్తుంది, రెక్క విరుగుతుంది. గెడ చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాల్సి వచ్చినా, బురదలో మోకాలి దాకా దిగాల్సి వచ్చినా వెళ్ళాలి.

వరస ఏంటంటే కాళ్ళు ముందు, తర్వాత తోక, ఒళ్ళు, ఆ తర్వాత రెక్కలు ఒక్కొక్కటి, ఆఖరికి తల. తల ముందు తీస్తే పిట్ట కొట్టుకుంటుంది, మళ్ళీ చిక్కుకుంటుంది. కాలు పట్టుకునేటప్పుడు పైన, ఒంటికి దగ్గరగా పట్టుకోండి, కింద పుల్లలా ఉన్నచోట పట్టుకుంటే తేలిగ్గా విరిగిపోతుంది. ఉల్లంకి లాంటి పొడుగుకాళ్ళ పిట్టలకి ఇది మరీ జాగ్రత్త.

రొమ్ము నొక్కకండి. దీన్ని ఎన్నిసార్లు చెప్పినా చాలదు. మనకి ఊపిరి తీయడానికి కడుపు దగ్గర పొర ఒకటి ఉంటుంది, పిట్టకి అది లేదు, రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే గాలి లోపలికి వెళ్తుంది. ఎగిరిపోతుందేమోనని రెండు చేతులతో గట్టిగా అదిమారంటే అది నిమిషాల్లో పోతుంది, పైకి ఒక్క గాయం కూడా కనపడదు, మీరేమో భయంతో గుండె ఆగిపోయిందనుకుంటారు. రెక్కలు మూసి, ఒళ్ళు కింద నుంచి అరచేతిలో నిలబెట్టినట్టు పట్టుకోవాలి, వేళ్ళు రెక్కల మీద ఉండాలి గానీ రొమ్ము మీద కాదు.

తల మీద గుడ్డ కప్పితే పిట్ట సద్దుమణుగుతుంది, ముక్కు మాత్రం బయట ఉండాలి. కొంగలైతే ఈ వరస మార్చాలి, ముందు ముక్కు పట్టుకోవాలి, ఎందుకంటే కొంగ నేరుగా కంట్లో పొడుస్తుంది, కళ్ళద్దాలు తెమ్మన్నది అందుకే. ఇంకోటి చాలామందికి తెలీదు, నీటికాకికి, గూడబాతుకి (పెలికాన్) పైకి తెరుచుకున్న ముక్కు రంధ్రాలు ఉండవు, నోటితోనే ఊపిరి తీస్తాయి. వాటి ముక్కుని గట్టిగా మూసి పట్టుకున్నా, రబ్బరు బ్యాండు వేసినా ఊపిరాడక పోతాయి, మధ్యలో వేలు పెట్టి కొంచెం సందు ఉంచాలి.

ఇక కత్తెర సంగతి. విప్పగలిగినంత విప్పండి, నిమిషం చూసినా దారి దొరక్కపోతే దారం కోయండి, వల పాడైతే సాక్ష్యం పోతుందని ఆగొద్దు, ఫోటోలు ఎలాగూ ఉన్నాయి కదా. నా లెక్కలో పిట్ట ప్రాణం ముందు, కేసు తర్వాత. చేపల వల తరహాలో లావుపాటి ఒంటిదారం అయితే విప్పడానికి ప్రయత్నమే వద్దు, నేరుగా కోసేయండి. కానీ ఈక కోయొద్దు. రెక్క పెద్ద ఈక తెగితే వెంటనే మొలవదు, మళ్ళీ ఈకలు మార్చుకునే కాలం దాకా అలాగే ఉంటుంది, చలికాలం అయ్యాక వేల కిలోమీటర్లు వెనక్కి ఎగరాల్సిన బాతుకి అది ఎంత కష్టమో ఆలోచించండి.

అయిపోయిందనుకున్నాక ఇంకోసారి చూడండి. చంక కింద, రెక్క మడతలో, నాలుక కింద, కాలి కీలు దగ్గర ఒక్క దారం ముక్క మిగిలినా అది రోజురోజుకీ బిగుసుకుని రక్తం ఆపేస్తుంది, ఆ కాలు ఎండిపోతుంది. తడి వేలితో ఈకల్ని వెనక్కి తోసి వెలుతురులో వెతకాలి. హడావిడి పడేవాళ్ళు వదిలేసేది ఇదే, విడిచిపెట్టి చప్పట్లు కొడతారు, ఆ పిట్ట వారంలో ఏ బీలలోనో పడిపోతుంది.

నీళ్ళు పోయకండి, అన్నం మెతుకులు పెట్టకండి. పిట్టకి ఊపిరి దారి నాలుక మొదట్లోనే ఉంటుంది, మీరు పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సెల్ఫీ కూడా వద్దు, మనిషి మొహం దగ్గరికి వస్తుంటే దానికి ప్రాణం పోయినంత భయం.

పెట్టె, విడిచిపెట్టడం

గాయం లేకపోతే పెట్టెలో చీకట్లో కాసేపు ఉంచి, వెలుతురు వచ్చాక నీటి ఒడ్డున నేల మీద పెట్టి వెనక్కి జరగాలి. గాల్లోకి విసరొద్దు. ఒళ్ళు తడిసి బురదైతే ఆరేదాకా ఆగాలి, తడిసిన బాతు ఎగరలేదు, నీళ్ళలో తేలనూలేదు. పొడుగుకాళ్ళ పిట్టల్ని కాళ్ళు మడిచి ఎక్కువసేపు ఉంచితే కండరాలు పట్టేసి ఇక నిలబడవు, వాటికి ఎత్తు పెట్టె కావాలి, వీలైనంత తొందరగా వదిలేయాలి. రెక్క వేలాడుతున్నా, రక్తం కారుతున్నా ఫారెస్ట్ వాళ్ళకి ఇచ్చేయండి, ఇంట్లో పెట్టుకుని సాకుతామనడం చట్టం ఒప్పుకోదు.

విషం పెట్టిన చోట

ఇది వల కంటే ప్రమాదం. ఫ్యూరడాన్ అనే పురుగుమందు గుళికలు కలిపిన మేత చల్లితే పిట్టలు ఎక్కడికక్కడ పడిపోతాయి, చచ్చినవాటిని ఏరుకుని అమ్ముతారు, కొన్నవాళ్ళు తింటారు. చచ్చిన పిట్టల్ని వట్టి చేతులతో ముట్టుకోవద్దు, కుక్కల్ని రానివ్వొద్దు, పాతిపెట్టొద్దు, ఫోన్ చేసి అక్కడే కాపలా ఉండండి. చూడగానే విషమని గొడవ కూడా చేయొద్దు. 2019లో రాజస్థాన్ సాంబర్ సరస్సులో వేల పిట్టలు చచ్చిపోతే తీరా చూస్తే బోట్యులిజం అనే జబ్బు అని తేలింది. బర్డ్ ఫ్లూ కూడా ఉండొచ్చు. ఏదనేది ల్యాబు చెప్పాలి, మనం కాదు.

చట్టం, ఆ తర్వాత

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పిట్టని చంపడమే కాదు, వల వేయడం, ఉచ్చు పెట్టడం, పట్టుకోవడానికి ప్రయత్నించడం కూడా వేటే. 2022 సవరణ తర్వాత మామూలుగా 3 ఏళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పిట్ట ఆ చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో, అంటే మొదటి షెడ్యూల్లో ఉంటే 3 ఏళ్ళకి తక్కువ కాకుండా 7 ఏళ్ళ దాకా జైలు, 25 వేలకి తగ్గకుండా జరిమానా. మాంసం కొని ఫ్రిజ్‌లో పెట్టుకున్నా నేరమే. ఇవి సైబీరియా పిట్టలు కావు, ఇక్కడివే, పట్టుకోవచ్చు అని కొంతమంది వాదిస్తారు, అది కూడా తప్పు. మా శ్రీకాకుళం జిల్లాలోనే తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగలు, తేలినీలాపురంలో గూళ్ళు కట్టే గూడబాతులు సైబీరియా నుంచి రావు, ఇక్కడి పిట్టలే, అయినా చట్టం వాటినీ కాపాడుతుంది.

వల, గెడలు మీరు ఇంటికి తీసుకెళ్ళొద్దు, ఫారెస్ట్ వాళ్ళే పంచనామా రాసి పట్టుకెళ్ళాలి, సాక్షి సంతకం అడిగితే వెనకాడొద్దు, సంతకం లేక కేసు నిలబడట్లేదు. ఎవరు వచ్చారో, ఎన్ని గంటలకి వచ్చారో రాసి పెట్టుకోండి. ఇంకో నాలుగు రోజుల్లో అదే గండి దగ్గరికి చీకటితో మళ్ళీ వెళ్ళండి, వల పోయినవాడు అక్కడే ఇంకోటి కడతాడు.