డొమినికా వెళ్తున్నారా? పండగ తేదీ ముందు, కొండ తేదీ తర్వాత

మొదటి పొరపాటు టికెట్ దగ్గరే జరుగుతుంది. డొమినికా వేరు, డొమినికన్ రిపబ్లిక్ వేరు. మనం చెప్పుకుంటున్నది గ్వాడలూప్, మార్టినీక్ దీవుల మధ్య ఉన్న చిన్న దేశం గురించి. రాజధాని రోజో, విమానాశ్రయం డగ్లస్-చార్లెస్. టికెట్ మీద డి-ఓ-ఎం అని ఉండాలి. ఎస్-డి-క్యూ అని ఉంటే మీరు శాంటో డొమింగోలో దిగుతారు. విమానాశ్రయం ఈశాన్యంలో, రోజో నైరుతిలో ఉన్నాయి. మధ్యలో గంటకు పైగా మెలికల కొండదారి, కాబట్టి తిరుగు ప్రయాణం రోజు ఆ సమయం కూడా లెక్కేసుకోండి.

ఇక ఎప్పుడు వెళ్ళాలి? ఇక్కడ పెద్ద పండగలు రెండు సీజన్లలో వస్తాయి. సంగీతం, క్రియోల్ (ఫ్రెంచి, ఆఫ్రికన్ కలగలిసిన స్థానిక భాష, సంస్కృతి) సంబరాలు అక్టోబరు చివర. ఆ నెల ఆఖరి శుక్రవారం క్రియోల్ దినం. ఆ వారాంతంలోనే రోజోలోని విండ్సర్ పార్క్ స్టేడియంలో మూడు రాత్రులు వరల్డ్ క్రియోల్ మ్యూజిక్ ఫెస్టివల్, ఆ వెంటనే నవంబరు 3న స్వాతంత్ర్య దినోత్సవం. తంటా ఏమిటంటే అది వానాకాలం, పైగా తుపాన్ల కాలం. 2017 సెప్టెంబరులో మరియా తుపాను కొట్టిన ఏడాది ఈ సంగీతోత్సవం జరగనే లేదు. అందుకే అక్టోబరు ప్రయాణానికి డబ్బు వాపసు వచ్చే టికెట్టే కొనాలి.

రెండోది కార్నివాల్, స్థానికుల మాటలో మాస్ డొమ్నిక్. ఈస్టర్ ఆదివారం నుంచి వెనక్కి 48 రోజులు లెక్కపెడితే సోమవారం, 47 లెక్కపెడితే మంగళవారం. అసలు పండగ ఆ రెండు రోజులే. 2027లో ఫిబ్రవరి 8, 9. అప్పటికి వానలు తగ్గుముఖం పడతాయి. కొండల్లో కాలినడకన చేరాల్సిన మరిగే సరస్సు బాయిలింగ్ లేక్‌ని చూడాలన్న పట్టుదల ఉంటే కార్నివాల్‌కే వెళ్ళమని మా సలహా. పాట కోసమే అయితే అక్టోబరు, కానీ అప్పుడు కొండ దక్కకపోయినా సరేనన్న మనసుతో వెళ్ళాలి.

కార్నివాల్ సోమవారం తెల్లవారకముందే, నాలుగింటికల్లా జువే అనే వీధి ఊరేగింపు మొదలవుతుంది. మేకతోలు డప్పుల దళాలు (లాపో కబ్విట్ అంటారు) ముందు నడుస్తుంటే జనం వెనక ఆడుతూ వస్తారు. పాత బట్టలు, వేళ్ళు కప్పే బూట్లు వేసుకోండి. చెప్పులతో వెళ్తే ఆ తొక్కిసలాటలో వేళ్ళు చితుకుతాయి. ఆ రెండు రోజులూ సెలవే కాబట్టి తిండి, నీళ్ళు శనివారమే కొనిపెట్టుకోవాలి. క్రియోల్ దినాన అందరూ గళ్ళ మద్రాస్ గుడ్డ కట్టుకుంటారు. అవును, ఆ పేరు మన మద్రాసుదే. ఆ రోజు దొరికే కలాలూ సూప్ తప్పక తాగండి, అది చేమాకుతో చేస్తారు. శాకాహారులు మాత్రం అందులో పీత వేశారేమో ముందే అడగాలి.

ఇక సరస్సు. లోడా అనే ఊరి దగ్గర, టిటూ గార్జ్ అనే రాతిసందు పక్క నుంచి దారి మొదలవుతుంది. వెళ్ళడానికి మూడు గంటలు, రావడానికి మూడు. కాలు జారే రోజైతే ఇంకా ఎక్కువ. ఉదయం ఎనిమిది లోపు బయల్దేరాలి, ఎందుకంటే ఆరయ్యేసరికి చీకటి పడుతుంది. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్ళు, అడుగున లోతైన గాడులున్న బూట్లు, వానకోటు ఉండాలి. జీన్స్ వద్దు, తడిస్తే కాలికి బరువు కట్టినట్టే. మొదటి గంట అడవిలో సాగి బ్రేక్‌ఫాస్ట్ రివర్ చేరుతుంది. ఆ తర్వాత మోర్న్ నికోల్స్ కొండ ఎక్కుడు, అక్కడి నుంచి వ్యాలీ ఆఫ్ డెసొలేషన్‌లోకి దిగుడు. గైడ్ లేకుండా పోవద్దని చెప్పేది ఈ లోయ కోసమే. గంధకం కంపు, పాలరంగు వాగులు, బుసలు కొట్టే ఆవిరి రంధ్రాలు. కొన్నిచోట్ల నేల పైపొర అప్పడంలా పలచగా ఉంటుంది, కింద మరుగుతున్న బురద. గైడ్ అడుగు పెట్టిన చోటే మీ అడుగు పడాలి. వెండి ఉంగరాలు ముందే తీసేయండి, ఆ గాలికి నల్లబడతాయి.

సరస్సు అంచుకు చేరగానే తెల్లటి ఆవిరి తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. నిరాశపడి తిరిగిపోకండి, పది పదిహేను నిమిషాలు కూర్చోండి. గాలి మళ్ళితే దాదాపు 60 మీటర్ల వెడల్పున, నడుమ ఎసరులా కుతకుతలాడే బూడిదరంగు నీరు బయటపడుతుంది. అంచుల్లోనే 80 డిగ్రీలు దాటే వేడి, దిగాలన్న ఆలోచనే రాకూడదు. ఒక్కోసారి సరస్సు చల్లబడి మట్టం దిగిపోతుంది. 2004 చివర్లో అలాగే ఎండి, కొన్ని నెలలకు మళ్ళీ నిండింది. అలాంటప్పుడు దగ్గరికి వెళ్ళడం మరీ ప్రమాదం, బయల్దేరే ముందే గైడ్‌ని అడగండి.

గైడ్‌ని పండగకు వారాల ముందే మాట్లాడుకోవాలి, పండగ వాళ్ళదీ కదా. సంగీతోత్సవం రాత్రులు తెల్లవారేదాకా సాగుతాయి. ఆ మర్నాడు సరస్సు పెట్టుకుంటే దిగుడులో మోకాళ్ళు మొండికేస్తాయి. మధ్యలో ఒక రోజు ఖాళీ ఉంచి, షాంపేన్ రీఫ్‌కి వెళ్ళండి. సముద్రం అడుగు నుంచి అగ్నిపర్వత వాయువు బుడగలుగా లేస్తుంటే ముఖానికి మాస్క్ పెట్టుకుని వాటి మధ్య ఈదొచ్చు. ఒడ్డంతా రాళ్ళే, నీళ్ళలో వేసుకునే బూట్లు కావాలి. అడవిలోని జలపాతం మడుగు ఎమరాల్డ్ పూల్‌కి పది పదిహేను నిమిషాల నడక చాలు, కానీ క్రూయిజ్ ఓడ వచ్చిన రోజు అక్కడ సంతలా ఉంటుంది. పోర్ట్స్‌మత్ దగ్గరి ఇండియన్ రివర్‌లో మోటారు పడవలు నిషేధం, తెడ్ల పడవలోనే తీసుకెళ్తారు. పైన కొండల్లో వాన పడుతుంటే టిటూ గార్జ్‌లో ఈతకు దిగొద్దు. ఇరుకు రాతిసందు అది, నీరు ఒక్కసారిగా పొంగుతుంది.

డబ్బు సంగతి. 1 అమెరికన్ డాలరుకు 2.70 ఈస్ట్ కరీబియన్ డాలర్లు, ఈ రేటు మారదు. ఎవరు ధర చెప్పినా ఏ డాలరో అడిగి తెలుసుకున్నాకే ఒప్పుకోండి. మినీబస్సుల నంబరు ప్లేటు హెచ్ అక్షరంతో మొదలవుతుంది. ఆదివారం వాటిని నమ్ముకోవద్దు. సర్దుకునేటప్పుడు సైనికుల మచ్చల డిజైన్ బట్టలు, టోపీలు పెట్టెలోంచి తీసేయండి. ఇక్కడ పౌరులు అవి వేసుకోవడం చట్టరీత్యా నేరం.