ఫెయిర్ ఐల్ దీవిలో వలస పిట్టల్ని చూడాలంటే

స్కాట్లాండ్‌లో ఆర్క్నీ దీవులకీ షెట్లాండ్ దీవులకీ మధ్య ఉంటుందీ చిన్న దీవి. పఫిన్లు అనే రంగుల ముక్కు సముద్ర పిట్టల్ని చూడాలంటే మే నుంచి జులై లోపు వెళ్ళండి, ఆగస్టులో అవి సముద్రం మీదకి వెళ్ళిపోతాయి. అరుదైన వలస పిట్టలు కావాలంటే మాత్రం సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో.

పొద్దున లేవగానే గాలి ఎటు నుంచి వీస్తోందో చూడండి, అసలు కీలకం అదే. తూర్పు గాలో ఆగ్నేయం గాలో వీచి దానికి తోడు వాన కూడా పడితే సముద్రం దాటుతున్న పిట్టలు దారి తప్పి అలిసిపోయి కనబడిన నేల మీద వాలిపోతాయి, ఆ రోజు గదిలో అస్సలు కూర్చోవద్దు. చెట్లు దాదాపు ఉండవు కాబట్టి రాతి గోడల వెంట, కాలవ గట్ల పక్కన, పంట చేల అంచుల్లో మెల్లగా వెతకాలి. లాన్సియోలేటెడ్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట అయితే గడ్డిలో ఎలకలా పరిగెడుతుంది, ఓపిక పట్టండి. చలికాలం మన హైదరాబాద్ తోటల్లోకి వచ్చే రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ కూడా ఇక్కడ కనిపించొచ్చు, నాకైతే అది ఎంత సంతోషమో!

1948లో మొదలైన ఇక్కడి పక్షి పరిశోధన కేంద్రం (అబ్జర్వేటరీ) వాళ్ళు పిట్టల్ని పట్టి కాలికి రింగు వేసి వదిలేస్తారు, వీలైతే దగ్గరుండి చూడండి. అలిసిన పిట్టని ఫొటో కోసం దయచేసి తరమొద్దు. వాతావరణం బాగోకపోతే విమానం, పడవ రెండూ ఆగిపోతుంటాయి, రెండు రోజులు ఎక్కువే పెట్టుకోండి.