పాత థింక్‌ప్యాడ్ టీ420: చెమ్మ నేలలో తంటాలు, వాటికి మందు

సఖినేటిపల్లి దగ్గర రొయ్యల చెరువు గట్టున మేత లెక్కలు, కూలి లెక్కలు అన్నీ నేను 2011 నాటి థింక్‌ప్యాడ్ టీ420 ల్యాప్‌టాప్ మీదే రాస్తాను. అంతర్వేది వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి దేన్నీ వదలదు. అయినా విప్పి బాగు చేసుకోవడానికి వీలుగా కట్టిన యంత్రం కాబట్టి దీన్ని తూకానికి వేయనివ్వను.

సమస్య: వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది.
కారణం దుమ్మే. కానీ మన దగ్గర దుమ్ము పొడిగా ఉండదు. ఎడమ పక్క గాలి సందులోకి టార్చి వేసి చూడండి. సన్నటి లోహపు రెక్కల మధ్య పాత దుప్పటి ముక్కలా బూడిద రంగు పొర కనిపిస్తుంది. బయటి నుంచి బ్లోయరు కొడితే అది లోపలికి జరుగుతుంది తప్ప పోదు. బ్యాటరీ తీసి, అడుగు మరలు విప్పి, కీబోర్డును తెర వైపు నెట్టి ఎత్తండి. ఆపై అరచేతులు ఆనించే పలక, ఫ్యాను తీసి, ఆ పొరను మెత్తటి కుంచెతో దులపండి. ప్రాసెసర్ వేడిని లోహానికి చేరవేసే థర్మల్ పేస్టు ఎండి పెచ్చులై ఉంటుంది, దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, ప్రాసెసర్ మీద కందిగింజంత కొత్త పేస్టు పెట్టండి. ఎక్కువ పూస్తే మేలు జరగదు.
ఆన్ చేయగానే 'ఫ్యాన్ ఎర్రర్' అని వస్తే మాత్రం ఫ్యాను తిరగడం లేదని అర్థం. శుభ్రం చేశాక కూడా అదే వస్తే ఫ్యాను మార్చాలి.

సమస్య: అసలు వెలగదు.
కొత్త మదర్‌బోర్డు (లోపలి ప్రధాన బోర్డు) కొనే ముందు ఒక్క నిమిషం ఆగండి. అడాప్టరు, బ్యాటరీ రెండూ తీసేసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టండి. లోపల నిలిచిన విద్యుత్తు పోతుంది. తర్వాత అడాప్టరు ఒక్కటే తగిలించి చూడండి. వెలిగితే తంటా ఆ నిలిచిన విద్యుత్తుది కావచ్చు, లేదా బ్యాటరీది.

సమస్య: తేదీ ప్రతిసారీ వెనక్కి పోతుంది.
లోపలి సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. తీగ, కొక్కెంతో ఉన్నదే కొనండి, ఉత్త బిళ్ల సరిపోదు.

సమస్య: కీబోర్డు మధ్యలో బాణం గుర్తును జరిపే ఎర్ర బొడిపె ముట్టకుండానే ఆ గుర్తు జారిపోతుంది.
కొన్ని సెకన్లు చేయి తీసేయండి, అదే సర్దుకుంటుంది.

సమస్య: వైఫై కార్డు మార్చాక 1802 ఎర్రర్.
బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే లోపలి ప్రోగ్రాము) ఒప్పుకున్న కార్డులే ఇందులో పనిచేస్తాయి. పాతదే తిరిగి పెట్టండి, లేదా యూఎస్‌బీ వైఫై వాడండి.

నత్తనడక నడుస్తుంటే పాత హార్డ్ డిస్కు తీసి 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) వేయండి. మా దానిలో లెక్కల పుస్తకం ఇప్పుడు తట్టగానే తెరుచుకుంటోంది.