బరువు ఒక్కటే కాదు, ఎత్తు కూడా కొలిపించండి

పిల్లాడు బొద్దుగానే ఉన్నాడు కదా అని ఊరుకోకండి, వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం కంటికి అంత తొందరగా కనబడదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లే.

ముందు మీ బస్తీ అంగన్‌వాడీలో పేరు రాయించండి. నెలనెలా బరువుతో పాటు ఎత్తు కూడా కొలవమని టీచర్‌ని మొహమాటం లేకుండా అడగండి. రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టే కొలవాలి, గోడకి ఆనించి నిలబెడితే లెక్క తప్పుతుంది. ఆ అంకె పోషణ్ ట్రాకర్‌లో (అంగన్‌వాడీ టీచర్ల ఫోన్ యాప్) ఎక్కించారా అని కూడా అడగండి. ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పిండి ఆ బిడ్డకే పెట్టాలి, ఇంటిల్లిపాదీ లడ్డూలు చుట్టుకోవడానికి కాదు (జరిగేది అదే!). గర్భిణులకు అంగన్‌వాడీలోనే ఆరోగ్యలక్ష్మి పథకం భోజనం ఉంది. మాటిమాటికీ విరేచనాలైతే తిన్నది ఒంటికి పట్టదు, బస్తీ దవాఖానాలో చూపించండి. నల్లా నీళ్లు మురుగు వాసనొస్తే హైదరాబాద్ జలమండలి 155313కి ఫోన్ కొట్టండి.