స్టాండర్డ్ హెరాల్డ్: ఫ్లోరు రేకు వేశాక తలుపు పడకపోతే

మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారుకు చాసిస్ (కింది ఇనుప చట్రం) వేరు, బాడీ వేరు. చాసిస్ నుంచి పక్కలకు చేతుల్లా చాచుకున్న అవుట్‌రిగ్గర్ల మీద బాడీ బోల్టులతో కూర్చుంటుంది. పైన కనబడే ఫ్లోరు తంటాలకు కారణం చాలాసార్లు ఈ చేతుల్లోనే ఉంటుంది. ఏ పనికైనా ముందు బ్యాటరీ తీగ విప్పండి, డిక్కీలోని పెట్రోలు ట్యాంకు దించండి, ఫ్లోరు మీది తారు పూత గీకేయండి. అది ఇట్టే అంటుకుంటుంది.

తలుపు సందు పైన మూసుకుపోయి, కింద వెడల్పవుతోంది

తలుపు వెనక అంచు పట్టుకుని పైకెత్తి చూడండి. లొడలొడలాడితే కీలు పిన్ను అరిగినట్టే. ఫ్లోరు జోలికి పోనక్కర్లేదు. గట్టిగా ఉంటే బాడీ నడుము కుంగిందన్నమాట. నడుము దిగితే తలుపుకు ముందూ వెనకా ఉన్న రెండు పిల్లర్ల (నిలువు కంబాల) తలలు దగ్గరికొస్తాయి.

ఎందుకు కుంగింది? అవుట్‌రిగ్గర్ లోపలి నుంచి తుప్పు తినేసి ఉండొచ్చు. స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి, దిగబడితే మార్చాల్సిందే. లేదా టింకరు రెండు పక్కల ఫ్లోరూ ఒకేసారి కోసేసి ఉంటాడు.

అవుట్‌రిగ్గర్ బాగుంటే దాని మీది బాడీ బోల్టునూ, పక్కవాటినీ వదులు చేయండి. పిల్లరు దగ్గర బాడీ కింద చెక్క పెట్టి జాకీతో నెమ్మదిగా లేపండి. బాడీకీ అవుట్‌రిగ్గర్‌కూ మధ్య 1.5 మి.మీ. షిమ్ (పల్చటి రేకు బిళ్ల) ఒకటి దూర్చి, బిగించి, తలుపు మూసి చూడండి. సందు అంతటా 4-5 మి.మీ. వచ్చేదాకా ఒక్కొక్కటే. ఒక తలుపు కుదిరిందని సంబరపడకండి, అవతలి తలుపు ఈలోపు కదిలి ఉంటుంది. సందు పైన వెడల్పు, కింద ఇరుకు అయితే నడుమ షిమ్‌లు ఎక్కువైనట్టు, తగ్గించాలి.

కొత్త అవుట్‌రిగ్గర్‌ను ముందు టాకాలతో (చుక్కల్లా వేసే చిన్న వెల్డింగ్‌లతో) నిలపండి. బాడీ బోల్టులు బిగించి, తలుపులు మూసి చూశాకే పూర్తి వెల్డింగ్.

పాత ఫ్లోరు ఇంకా కోయకపోతే అదృష్టమే. తలుపు ఖాళీలో అడ్డంగా 25 మి.మీ. చదరపు పైపు బిగించండి. చాసిస్ కింద నాలుగు స్టాండ్లు మట్టంగా పెట్టండి. చాసిస్ ఎదురు మూలల కొలతలు రెండూ కాగితం మీద రాసుకుని, వాటి తేడా 3 మి.మీ. లోపు ఉంటేనే ఒకపక్క మాత్రమే కోయండి.

రేకు కాలు పెడితే టక్కుటక్కుమంటోంది

వేడికి సాగింది, లేదా గట్లు తొక్కించని చదును రేకు వేశారు. 20 గేజ్ సీఆర్‌సీఏ (జింకు పూత లేని మెత్తటి ఉక్కు) రేకు తీసుకుని గట్లు వేయించండి. పైకప్పుకు వాడే జీఐ (జింకు పూత పూసిన) రేకు వద్దు: జింకు మండి పొగ గొంతు పట్టుకుంటుంది, వెల్డింగ్‌లో బుడగలు లేస్తాయి. టాకాలు 25-30 మి.మీ. దూరంతో, ఇక్కడొకటి అక్కడొకటి వేయాలి. వరుసగా లాగారో, రేకు అలలు తేలుతుంది.

వెల్డింగ్ పెట్టగానే చిల్లు పడుతోంది

అంచు పల్చబడింది. గ్రైండరుతో మెరిసే లోహం దాకా వెనక్కి కోయండి. సీఓటూ వెల్డింగ్‌లో 0.6 మి.మీ. తీగ, తక్కువ కరెంటు, వెనక రాగి పట్టీ. ఫ్లాంజు (మడిచిన అంచు) మీద అతికేచోట కొత్త రేకుకు 6 మి.మీ. రంధ్రాలు 30-40 మి.మీ. దూరంలో వేసి నింపండి. అతుకు మధ్య జింకు ప్రైమర్ ముందే పూయాలి.

వాన పడితే మ్యాటు తడుస్తోంది

మనిషి లోపల కూర్చోగా, బయటినుంచి పైపుతో నీళ్లు కింది నుంచి పైకి పట్టండి. ఏ ఎత్తులో కారడం మొదలైతే తప్పు అక్కడే. అతుకుల్లో సీమ్ సీలర్ (నీరు దిగకుండా నింపే పేస్టు), రంధ్రాలకు గ్రొమెట్లు (రబ్బరు బిరడాలు) పెట్టండి. చెన్నైలో ఈశాన్య రుతుపవనాల రోజుల్లో విప్పిన రేకు తెల్లారేసరికి ఎర్రబడుతుంది, కాబట్టి ఆనాటి పనికి ఆనాడే ప్రైమర్ కొట్టండి. అవుట్‌రిగ్గర్ల లోపల వ్యాక్స్ చల్లి, నీరు కారే రంధ్రాలు మూసుకుపోలేదని తీగ దూర్చి చూసుకోండి.