ఫోమ్ విమానం మాట వినట్లేదా? ఆటోపైలట్‌ని తిట్టే ముందు ఇవి చూడండప్పా

అనంతపురంలో ఫోమ్ ప్లేన్ కట్టి ఆటోపైలట్ పెట్టినోళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే, "అన్నా, బోర్డు పోయిందా?" అని. బోర్డు చాలాసార్లు బాగానే ఉంటాది, తేడా బరువులోనో గ్లూలోనో కరెంటులోనో ఉంటాది. మాన్యువల్‌లో (అంటే మనమే స్టిక్‌తో నడిపినప్పుడు) సక్కగా ఎగరని విమానాన్ని ఆటోపైలట్ వచ్చి బాగుచేయదు. ఈ రాసింది ఆర్డుపైలట్ అనే ఆటోపైలట్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి, ఐనావ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాళ్లకి సెట్టింగుల పేర్లు మారతాయి గానీ లెక్క అదే.

సమస్య: విసరగానే ముక్కు పైకెత్తి, స్పీడు పోయి, ఒక పక్కకి పడిపోతాంది

ముందు సీజీ (బరువు సమంగా నిలిచే చోటు) చూడండి. మామూలు రెక్క అయితే ముందు అంచు నుంచి రెక్క వెడల్పులో 25 నుంచి 30 శాతం దగ్గర ఉండాల. ఫ్లయింగ్ వింగ్‌కి (తోక లేని విమానం) ఈ లెక్క పనికిరాదు, ఇంకా ముందుకుంటాది, కిట్‌లో ఇచ్చిన గుర్తే నమ్మండి. బ్యాటరీ, ప్రొపెల్లర్, అన్నీ పెట్టినాక రెక్క కింద రెండు వేళ్లు పెట్టి లేపండి, ముక్కు కొంచెం వాలితే పర్లేదు, తోక వాలితే మాత్రం ఎగరేయొద్దు. కిట్ కొన్నప్పుడు సరిగ్గానే ఉంటాది, మనం జీపీఎస్ అనీ టెలిమెట్రీ (సమాచారం నేలకి పంపే రేడియో) అనీ ఒక్కొక్కటే వెనక్కి తోస్తాం, తోక దూరంగా ఉంటాది కాబట్టి అక్కడ పెరిగిన 10 గ్రాములకి ముక్కులో అంతకంటే చాలా ఎక్కువ పెట్టాల్సొస్తాది. సీసం ముక్కలు అంటించేకంటే బ్యాటరీ గూడు ఇంకొంచెం ముందుకి కోసుకోవడం మేలు.

సమస్య: మాన్యువల్‌లో బంగారం, ఎఫ్‌బీడబ్ల్యూఏకి (ఆటోపైలట్ విమానాన్ని సమంగా పట్టే మోడ్) మార్చగానే బోల్తా

ఎక్కువ విమానాలు విరిగేది ఈడనే. ఏం జరుగుతాదంటే, స్టిక్ కుడికి తోస్తే అయిలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) ఉల్టా కదుల్తాంది అని ట్రాన్స్‌మిటర్‌లో రివర్స్ కొడతాం, మాన్యువల్‌లో అంతా సరిపోతాది, కానీ ఆటోపైలట్‌కి ఆ రివర్స్ సంగతి తెలీదు కదా, అది తన లెక్క ప్రకారం సర్వోని (పలకల్ని కదిపే చిన్న మోటర్) తిప్పుతాది, విమానం కుడికి వాలితే ఇంకా కుడికే తోస్తాది.

అందుకే వరస మార్చండి. ప్రొపెల్లర్ తీసేసి, ఎఫ్‌బీడబ్ల్యూఏలో పెట్టి, స్టిక్ ముట్టకుండా విమానాన్ని చేత్తో కుడికి వంచండి. కుడి అయిలరాన్ కిందికి, ఎడమది పైకి పోవాల. ముక్కు కిందికి వంచితే ఎలివేటర్ (తోకమీద కదిలే పలక) పైకి లేవాల. ఉల్టా అయితే ఆ సర్వో ఔట్‌పుట్ రివర్స్ పారామీటర్ మార్చండి. ఇది సరిపోయినాకే స్టిక్ చూడండి, కుడికి తోస్తే కుడి అయిలరాన్ పైకి రావాల, రాకపోతే అప్పుడు ట్రాన్స్‌మిటర్‌లో రివర్స్ కొట్టుకోండి. విమానాన్ని కుడికి వంచితే కంప్యూటర్ తెరమీద హొరైజన్ ముందుకో వెనక్కో కదిలితే అది సర్వో గొడవ కాదు, బోర్డు అడ్డంగా బిగించి ఓరియంటేషన్ సెట్ చేయలేదని అర్థం.

సమస్య: పొద్దున బాగుంది, మధ్యాహ్నం రెక్క గడగడ వణుకుతాంది

హాట్ గ్లూ. మన ఎండకి, అందులోనూ కారులో పెట్టి తెస్తే, మెత్తబడి సర్వో గూట్లో కదుల్తాది, మోటర్ మౌంట్ పక్కకి తిరుగుతాది. మోటర్‌కీ సర్వోలకీ ఎపాక్సీ వాడండి, హాట్ గ్లూ వైర్లు అంటించడానికి చాలు. థర్మాకోల్ షీట్‌తో కట్టేవాళ్లు ఫెవిక్విక్ జోలికి పోవద్దు, ఫోమ్ కరిగి గుంత పడతాది, మామూలు స్ప్రే పెయింటూ అంతే. రెక్క పైన నలుపు రంగు చూడ్డానికి బాగుంటాది గానీ ఎండకి ఫోమ్ బుడిపెలు లేస్తాది. రెక్కలో కార్బన్ రాడ్ లేకపోతే అదీ వేయించుకోండి.

సమస్య: ఎత్తు నిలబెట్టదు, ఊరికే లేస్తాది దిగుతాది

బారోమీటర్ చిప్ (గాలి ఒత్తిడితో ఎత్తు కొలిచేది) మీద గాలో వెలుతురో పడుతోంది. చల్లదనం కోసం కోసిన రంధ్రం నేరుగా బోర్డు మీదికే గాలి కొడతాంటే రీడింగ్ తప్పుతాది. చిప్ మీద చిన్న స్పాంజ్ ముక్క కప్పండి, గాలి చొరబడే రకం స్పాంజ్ అయితేనే.

సమస్య: ఆర్‌టీఎల్ (బయల్దేరిన చోటికి తిరిగొచ్చే మోడ్) వేస్తే రాదు, ఆకాశంలో నిలబడిపోయింది

చెడిపోలేదు, గాలికి ఎదురు ఈదుతాంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. విమానం స్పీడు సెకనుకి 12 మీటర్లు, ఎదురుగాలి 10 అయితే మిగిలేది 2, అంటే కిలోమీటరు వెనక్కి రావడానికి 8 నిమిషాల పైనే, అంతలో బ్యాటరీ అయిపోతాది. పైకి పోయేకొద్దీ గాలి ఎక్కువుంటాది కాబట్టి, చుట్టూ చెట్లూ స్తంభాలూ చూసుకుని ఆర్‌టీఎల్ ఎత్తు తగ్గించండి, మామూలుగా అది 100 మీటర్లుంటాది. ఎయిర్‌స్పీడ్ సెన్సర్ లేనోళ్లు క్రూజ్ థ్రాటిల్ (మామూలుగా ఎగిరేటప్పటి మోటర్ పవర్) కొంచెం పెంచుకోండి. జూన్, జూలైలో పొద్దున్నే ఎగరేయండి, ముందు గాలికి ఎదురుగా పోయి గాలితో వెనక్కి రండి. ఇంకోటి, ఆర్‌టీఎల్ అంటే దానంతట అది దిగుతుందని కాదు, ఇంటిపైన, అంటే బయల్దేరిన చోటు పైన, చుట్లు కొడుతుంది, దింపాల్సింది మీరే.

సమస్య: గాల్లోనే బోర్డు రీస్టార్ట్

లాగ్ (బోర్డు రాసుకునే ఫ్లైట్ రికార్డు) మధ్యలో టక్కున తెగిపోయుంటే కరెంటు పడిపోయిందని అనుకోండి. ఈఎస్‌సీలో (మోటర్ స్పీడు కంట్రోలర్) ఉండే చిన్న బీఈసీ (బ్యాటరీ వోల్టేజ్‌ని తగ్గించి ఇచ్చేది) మీదే నాలుగు మెటల్ గేర్ సర్వోలు, బోర్డు, రిసీవర్ అన్నీ వేలాడదీస్తే అంతే. సర్వోలకి వేరే 5 వోల్టుల యూబీఈసీ (విడిగా దొరికే బీఈసీ), బోర్డుకి పవర్ మాడ్యూల్ (బ్యాటరీ నుంచి బోర్డుకి కరెంటు ఇచ్చేది) పెట్టండి. నేల మీద అన్ని స్టిక్‌లూ ఒకేసారి గట్టిగా ఊపి వోల్టేజ్ చూడండి. హింజ్ బిగుసుకున్నా సర్వో కరెంటు తాగుతాది, అదీ చూసుకోండి.

సమస్య: సిగ్నల్ పోయినా ఇంటికి రాకుండా నేరుగా శెనక్కాయ చేలల్లోకి

కొన్ని రిసీవర్లు సిగ్నల్ పోతే చివరి థ్రాటిలే పట్టుకోనుంటాయి, ఆటోపైలట్‌కి సిగ్నల్ పోయిందనే తెలీదు. రిసీవర్ ఫెయిల్‌సేఫ్‌లో (సిగ్నల్ పోతే ఏం చేయాలో చెప్పే సెట్టింగ్) థ్రాటిల్ సిగ్నల్ 950 మైక్రోసెకన్ల కన్నా కిందికి పడేట్టు సెట్ చేయండి. ప్రొపెల్లర్ తీసి, జీపీఎస్ లాక్ అయినాక, ఎఫ్‌బీడబ్ల్యూఏలో పెట్టి ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేయండి, సెట్టింగులు ఏమీ మార్చకపోతే ఒకటిన్నర సెకనుకి సర్కిల్ (చుట్లు కొట్టే మోడ్), ఐదు సెకన్లకి ఆర్‌టీఎల్ అని మోడ్ మారాల. మారితే ప్రొపెల్లర్ బిగించండి, దానిమీద సైజు అంకెలు ముందుకి చూసేట్టు.