కుక్కపిల్లకు ఇంట్లో పాస్ పోయకుండా అలవాటు చేయడం ఎలా?

కావలసినవి ఎక్కువేం లేవు. ఒక బెల్టు, పిల్ల నిలబడి చుట్టూ తిరిగి పడుకునేంత క్రేట్ (తలుపున్న బోను), గోరంత ముక్కలుగా తుంచిన ట్రీట్లు, మూత్రం వాసనను విరిచేసే ఎంజైమ్ క్లీనర్. క్రేట్ మరీ పెద్దదైతే ఒక మూల పడుకుని రెండో మూల పాడుచేస్తుంది. ఇంట్లోనే పాస్ పోయించడానికి నేల మీద పరిచే ప్యాడ్లు మాత్రం కొనకండి. వాటికి అలవాటుపడ్డ పిల్లకు మెత్తగా తగిలిందల్లా ప్యాడే: గుమ్మం ముందు పట్టా, మంచం మీంచి జారిన దుప్పటి. చిన్న కుక్కే కదా అని సరిపెట్టుకున్నవాళ్లు అది పెద్దదయ్యాక కూడా నేల తుడుస్తూనే ఉంటారు.

ఎప్పుడు బయటికి తీసుకెళ్లాలన్నది తేలికే. నిద్ర లేవగానే, తిన్న అరగంటలోపు, ఆట ఆపగానే, రాత్రి పడుకోబోయే ముందు. పిల్లకు ఎన్ని నెలల వయసుంటే అన్ని గంటలు ఆపుకోగలదని ఒక లెక్క చెబుతారు. చిన్న జాతులకు మూత్రాశయం చిన్నది కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు, మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి తీసుకెళ్లండి. తిండి వేళకు పెట్టి, పావుగంటలో గిన్నె తీసేయండి. నీళ్లు మాత్రం పగలంతా అందుబాటులో ఉండాలి. టీకాలు పూర్తికాకపోతే వేరే కుక్కలు తిరగని చోటు చూసుకోండి.

అసలు తంటా ఇక్కడ మొదలవుతుంది. “ఇరవై నిమిషాలు తిప్పాం, ఏమీ చేయలేదు. ఇంట్లో అడుగుపెట్టగానే సోఫా పక్కన కానిచ్చింది” అంటారు. పైగా దానికి పొగరని నింద. తిప్పడమే తప్పు. కొత్త వాసనలు దొరుకుతుంటే వచ్చిన పని గుర్తుంటుందా? రోజూ ఒకే చోటికి తీసుకెళ్లి, బెల్టు పొట్టిగా పట్టుకుని, గుంజలా నిలబడండి. మాట్లాడొద్దు, ఫోన్ చూడొద్దు. ఐదు నిమిషాలు చూసి, చేయకపోతే లోపలికి తెచ్చేయండి. కానీ నేల మీద వదలొద్దు! క్రేట్‌లో పెట్టండి, లేదా ఒళ్లో కూర్చోబెట్టుకోండి. పది పదిహేను నిమిషాలాగి మళ్లీ అదే చోటికి. అది పోసేదాకా ఇంతే. చాలామంది రెండోసారికే విసుగొచ్చి వదిలేస్తారు, మర్నాడు మళ్లీ మొదటికొస్తుంది.

తీరా అది వంగి కూర్చోగానే మీరు సంబరపడి అరిచారనుకోండి, సగంలో ఆపేసి తోకాడిస్తూ మీ దగ్గరికి పరిగెత్తుకొస్తుంది. మిగతా సగం ఇంట్లో పోస్తుంది. అందుకే నోరు కట్టేసుకుని ఉండండి. పోయడం పూర్తిచేసి లేచి నిలబడ్డాక, ఆ క్షణంలోనే, అక్కడికక్కడే ట్రీట్ నోట్లో పెట్టండి. వంటింట్లోకి వచ్చాక ఇస్తే, వంటింట్లోకి వచ్చినందుకే ఇచ్చారనుకుంటుంది. పని కాగానే లోపలికి లాక్కురావొద్దు కూడా. పోస్తే షికారు అయిపోతుందని అర్థమైతే బిగబట్టుకోవడం నేర్చుకుంటుంది. కాసేపు ఆడించి తీసుకురండి.

ఇంట్లో ఆటాడుతూ ఉన్నట్టుండి పక్కకెళ్లి, నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగితే వెంటనే ఎత్తుకుని బయటికి నడవండి. పోస్తుండగా కనిపించినా అంతే. పోసేశాక చూస్తే తుడుచుకోవడం తప్ప చేసేదేం లేదు. మూతి తీసుకెళ్లి అందులో రాయడం శుద్ధ దండగ. తప్పు తెలిసి తల దించుకుందని మురిసిపోతారు, అది మీ మొహం చూసి భయపడిందంతే. ఆ భయంతో మీ ఎదుట పోయడం మానేస్తుంది, బయట బెల్టుతో ఉన్నప్పుడు కూడా. తర్వాత కర్టెన్ల వెనక వెతుక్కోవాలి. తుడిచేటప్పుడు అమ్మోనియా ఉన్న క్లీనర్లు వద్దు, వాటి వాసన మూత్రం వాసనలాగే ఉంటుంది. ఫినాయిల్ వాసనతో మన ముక్కును మభ్యపెట్టొచ్చేమో, కుక్క ముక్కును కాదు. ఎంజైమ్ క్లీనర్ పోసి, డబ్బా మీద రాసినంతసేపు నాననివ్వండి.

కొన్ని వారాలు ఒక గదిలో ఏ పొరపాటూ జరగకపోతే రెండో గది తెరవండి. ఇల్లంతా వదలడానికి నెలలు పడుతుంది, తొందరపడొద్దు. బాగా అలవాటైన కుక్క ఉన్నట్టుండి మాటిమాటికీ కొంచెం కొంచెం పోస్తున్నా, మూత్రంలో రక్తం కనిపించినా వెంటనే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, అది ఇన్ఫెక్షన్ కావచ్చు. మీరు వంగి పలకరించగానే వెల్లకిలా పడి నాలుగు చుక్కలు పోసే పిల్ల సంగతి వేరు. అది బెరుకు. తిట్టకుండా, మీద వంగకుండా, పక్కకు తిరిగి కింద కూర్చుని పలకరించండి.